నాగయ్య చూసిన వైపు

మా ఒంటిమిట్టలో శ్రీరామనవమి తిరణాల అంటే పిల్లోళ్ళకు మూడే లెక్క, రథం, రంగులరాట్నం, డేరా సినిమా. బయట టూరింగ్ టాకీస్ అని బోర్డు ఉండేది గానీ ఆ పేరుతో పిలిచినోళ్ళు ఎవరూ లేరు, డేరా అంటే డేరానే. చెరువు కట్ట కింద బయల్లో చుట్టూ తడికలు కట్టి పైన గుడ్డ లాగి లోపల ఇసక పోసేవాళ్ళు, ముందర నేల, దాని వెనక బెంచీలు, ఇంకా వెనక ఊరి పెద్దోళ్ళ కోసం నాలుగు ఇనుప కుర్చీలు. పొద్దు గూకుతానే మైకులో ఘంటసాల గారు నమో వెంకటేశా అని ఎత్తుకుంటే టికెట్లు ఇస్తాండారని అర్థం, ఆ గొంతు చెవిన పడినాదంటే తట్టలో సంగటి తట్టలోనే ఉండేది, మేం మాత్రం వీధి మలుపులో ఉండేవాళ్ళం.

సినిమాల్లో భక్తుల వేషాలకు పేరుపడిన చిత్తూరు నాగయ్య గారు పోయింది 1973 డిసెంబర్ 30న. ఆ తర్వాత వచ్చిన తిరణాలకే, అంటే 1974లో, డేరా ఆయన యాడ నుంచి తెచ్చినాడో ఏమో ఆయన పోతన వేషం వేసిన పాత భక్త పోతన ప్రింటు తెప్పించినాడు, నాలుగు రోజులు ఆడిస్తామని బండికి పోస్టర్లు కట్టి తప్పెట కొట్టించినాడు. ఆ పోస్టరు ఒక అంచు చినిగిపోయి నాగయ్య గారి మొహం సగమే కనపడతాండె. నాకప్పుడు తొమ్మిదేండ్లు, మాకు రామారావు సినిమా కావాల, కత్తియుద్ధం కావాల. మా పెద్దన్న అయితే పోతన అంటే గుమ్మడి గారు గదా, 1966లోనే కొత్త పోతన వచ్చింది గదా, మళ్ళా ఈ పాతది ఎందుకు అని మొహం చిట్లించినాడు. అయితే ఆ తప్పెట సద్దు విని మా జేజి పంచలోకి వచ్చి, గోడ పట్టుకొని నిలబడి, "ఏం సినిమా రా అబ్బోడా?" అని అడిగినాది. భక్త పోతన అంట జేజీ, నాగయ్యది, అన్నాను. ఆమె మొహం మారిపోయినాది. అదే మాటను ఆమె మెల్లగా ఇంగోసారి అన్నాది, నాగయ్యదా అని.

మా జేజి అంటే నాయన వాళ్ళమ్మ. చదువు లేదు, సంతకం కూడా వేలిముద్రే. అయితే భాగవతం పద్యాలు ఎన్నో నోటికి వచ్చు, హరికథలోళ్ళ దగ్గర, భజన గుళ్ళో, రాగులు విసిరేటప్పుడు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి. అప్పటికి ఆమెకు రెండు కండ్లకూ పొరలు వచ్చేసినాయి, పగలు మనిషి నీడ మాదిరి కనపడేది, రాత్రి ఆ నీడా లేదు, గొంతును బట్టి ఎవరో కనుక్కునేది. అట్లాంటి మనిషి సినిమాకు పోతానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మా అమ్మ, "ఏం చూస్తావత్తా, ఊరికే ఇసకలో కూర్చోని నడుం నొప్పి తెచ్చుకుంటావు" అన్నాది. జేజి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, "నేను చూసినాను లేమ్మా, వానికి చూపించాల" అన్నాది. వాడంటే నేను.

ఆమె చూసింది 1943లో. సినిమా విడుదలైన ఏడాదే. అప్పటికి ఆమెకు ఇరవై ఐదేండ్లు ఉంటాయి, మా నాయన ఇంకా సంవత్సరం బిడ్డ, చంకలో. యుద్ధం కాలం, 1942లో జపానోళ్ళు మద్రాసు మీద బాంబులేస్తారని భయపడి జనం మూటా ముల్లె కట్టుకొని ఊళ్ళకు పారిపోయినారు గదా, మా ఊరికి కూడా అట్ల రెండు మూడు కుటుంబాలు వచ్చి బంధువుల ఇండ్లలో తలదాచుకున్నాయంట. కిరసనాయిలు దొరక్క రాత్రి ఏడుకే దీపాలు ఆర్పేసే రోజుల్లో, కడపలో రాముడి సినిమా వచ్చింది, సాక్షాత్తు రాముడు కనపడతాడంట అని కబురు వచ్చినాది. ఆరుగురు ఆడోళ్ళు, తోడుకు ఒక ముసలాయన, ఒంటిమిట్ట స్టేషన్లో రైలెక్కి కడపకు పోయినారు. అంతకు ముందు జేజి సినిమా అనేదే చూడలేదు. హాల్లోకి పోయేటప్పుడు చెప్పులు బయట వదిలిపెట్టినారంట ఆడోళ్ళందరూ, గుడికి పోయినట్టు. రాముడు కనపడినప్పుడు లోపలే టెంకాయలు కొట్టినారు, కర్పూరం ఎలిగించినారు, మీ నాయన ఆ మంట చూసి ఏడుపు ఎత్తుకున్నాడు, నేను పాలిచ్చుకుంటా చూసినాను అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ టెంకాయ ముక్క ఒకటి కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చి ప్రసాదమని అందరికీ పంచిందంట.

ఇక్కడ ఒక్క మాట చెప్పాల, మా సీమోళ్ళు శానామందికి ఇది తెలియదు కాబట్టి. ఆ సినిమా మనోళ్ళు తీసింది. సినిమా తీసిన వాహినీ కంపెనీ బి.ఎన్.రెడ్డి గారిది పులివెందుల వైపు, డైరెక్టరు కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. పాతాళ భైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారే, ఆయన డైరెక్టు చేసిన మొట్టమొదటి సినిమా భక్త పోతన. అంతకు ముందు ఆయన వాహినీలో లెక్కలు, ప్రొడక్షన్ పనులు చూసుకునే మనిషి. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్య గారివి. సంగీతం నాగయ్య గారిదే, పాడిందీ ఆయనే, వేషమూ ఆయనే. మూడు గంటల సినిమా. ఆ వరసలోనే నాగయ్య గారు 1946లో త్యాగయ్య అయినారు, 1947లో మళ్ళా కె.వి.రెడ్డి గారి చేతిలోనే యోగి వేమన అయినారు. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది, నేను పోయిన ప్రతిసారీ నా కంటికి కనపడేది నాగయ్య గారి మొహమే, ఇంగ వేరే వేమన ఎట్లుంటాడో ఊహించుకోలేను.

సరే, రాత్రికి పోయినాం. జేజి ఉతికిన తెల్లచీర కట్టుకొని, తల దువ్వుకొని, నా భుజం మీద చెయ్యి వేసి నడిచినాది. డేరా దగ్గరికి పోతానే చెప్పులు ఇప్పి చేత పట్టుకున్నాది, నేను సిగ్గుతో చచ్చిపోయినాను, అందరూ చూస్తాండారు జేజీ అంటే, "చూడనీ" అన్నాది అంతే. బెంచీ టికెట్టు తీస్తామని మా నాయన అంటే ఒప్పుకోలేదు, నేలే కావాలన్నాది, తెరకు దగ్గర కావాలంట, కనపడని మనిషికి తెర దగ్గరైతే ఏంది దూరమైతే ఏంది అని నేను లోపల అనుకున్నాను. ఇసక చల్లగా ఉండె. పక్కన బొరుగులు, శెనక్కాయలు అమ్మే పిల్లోళ్ళు, బీడీ పొగ, వెనకమాల జనరేటరు దడదడ. జేజి బాసింపట్టు వేసుకొని కూర్చోని, నన్ను దగ్గరికి లాక్కొని, "ఏం కనపడితే అది చెప్పు, ఒక్కటి కూడా ఇడిసిపెట్టొద్దు" అన్నాది.

ప్రింటు ఎట్లుండిందంటే, పైనుంచి కిందికి గీతలే గీతలు, సినిమా అంతా వాన కురిసినట్టే. ఆ ఏడు మాకు వానల్లేవు, చెరువు నెర్రెలిచ్చి ఉంది, ఆ ఎండిన చెరువు కట్ట కింద తెర మీద మాత్రం మూడు గంటలు ఎడతెరపి లేకుండా వాన. నేను మొదట జేజికి అదే చెప్పినాను, వాన పడతాంది జేజీ అని. "వాన కాదు రా, పాత పడింది, నేను చూసినప్పుడు అద్దం మాదిరి ఉండె" అన్నాది.

చెప్పడం మొదలుపెట్టినాను. ముసలాయన వచ్చినాడు. ఇల్లు. ఆమె ఎవరో వచ్చింది. జేజి, "అది నరసమాంబ, పోతన పెండ్లాం" అని సరిచేసేది. పల్లకీలో ఎవరో వస్తాండారు. "శ్రీనాథుడు, చూడు ఎంత దర్జానో." నేను చెప్పేలోపలే ఆమె చెప్పేసేది, గొంతులు విని, పాట మొదటి రాగం విని, ఇప్పుడు ఇది వస్తాది చూడు అనేది, వచ్చేది. ముప్పై ఏండ్ల కింద ఒక్కసారి చూసిన సినిమా. మొదట నేను చెప్తాంటే ఆమె వినింది, అర్ధగంట పోయేసరికి ఆమె చెప్తాంటే నేను చూస్తాండాను. చుట్టుపక్కల కూర్చున్నోళ్ళు కూడా బొరుగులు నమిలేది ఆపి జేజి మాటలే వినడం మొదలుపెట్టినారు, ఒకామె అయితే కాళ్ళతో జరుక్కుంటా జరుక్కుంటా వచ్చి మా పక్కనే కూర్చున్నాది. సర్వమంగళ నామా సీతారామా అని నాగయ్య గారు పాడతాంటే జేజి తొడ మీద తాళం వేస్తా పెదాలు కదిలిస్తాండె, గొంతు బయటికి రాలేదు, నాగయ్య పాడేటప్పుడు మనం పాడకూడదని ఆమె లెక్క.

అప్పుడు వచ్చింది దర్శనం.

నాగయ్య గారి మొహం ఒక్కటే తెర నిండా. నేను తెర కింద కూర్చున్నాను కాబట్టి ఆ మొహం డేరా అంత ఉంది. కండ్లు మెల్లగా తెరిచినాడు, ఏదో చూసినాడు, ఆ చూసేది మా తలల పైనుంచి, మా వెనక యాడో ఉంది. పెదవి రొంత వణికినాది. ఏడుస్తాండాడో నవ్వుతాండాడో తెలియదు. ఇంత మాత్రమే, ఆయన అరవలేదు, చేతులు పైకెత్తలేదు, కిందపడి పొర్లలేదు. చూస్తాండాడు అంతే, ఆకలితో ఉన్న బిడ్డ వాళ్ళమ్మ వచ్చేది చూసినట్టు. నేను ఆ మొహం చూసి చూసి, ఆయన ఏం చూస్తాండాడో చూద్దామని గిరుక్కున వెనక్కి తిరిగినాను.

వెనక రాముడు లేడు. చీకట్లో ఒక చిన్న కంత, ఆ కంతలోంచి తెల్లగా ఒక వెలుగు, మా అందరి తలల మీద నుంచి పోతాంది, ఆ వెలుగులో బీడీ పొగ, ఇసక దుమ్ము గిరగిరా తిరుగుతాండాయి. కింద వందల మొహాలు, అన్నీ పైకెత్తి, అన్నింటి మీదా ఆ వెలుగు పడతా ఉంది. మా ఇంటి ముందర రోజూ అరిచి పోట్లాడే అవ్వ, దుకాణంలో తూకం తక్కువ వేసే ఆయన, మా బళ్ళో నన్ను కొట్టే పిల్లోడు, అందరూ ఉండారు, వాళ్ళెవరూ నాకు తెలిసిన వాళ్ళ మాదిరి లేరు. అందరి మొహాలూ నాగయ్య మొహం మాదిరే అయినాయి. నేను ఎంతసేపు అట్ల వెనక్కి చూస్తా ఉండిపోయినానో తెలియదు, జేజి నా గడ్డం పట్టుకొని ముందరికి తిప్పి, "వచ్చినాడా?" అని అడిగినాది. వచ్చినాడు జేజీ, అన్నాను. నేను తెర మీద రాముడిని చూడకముందే అన్నాను ఆ మాట. అబద్ధం చెప్పినాననే భయం కూడా రాలేదు నాకు.

చానా ఏండ్ల తర్వాత, ఆర్టీసీలో ఉద్యోగం చేసేటప్పుడు, తిరుపతిలో దేవస్థానం వాళ్ళు వేసిన పోతన భాగవతం కొనుక్కున్నాను. డిపోలో నైట్ డ్యూటీ పడినప్పుడు రెండు పద్యాలు, మూడు పద్యాలు చదివేవాణ్ణి. మొదట్లోనే పోతన తనకు దర్శనం ఎట్లయిందో ఆయనే రాసుకున్నాడు. పున్నమి రాత్రి, చంద్రగ్రహణం, గంగలో మునిగి వచ్చి ఇసక తిన్నె మీద కూర్చున్నాడంట. కూర్చోని ఎవరిని ధ్యానం చేస్తాండాడు అనుకున్నారు, మహేశ్వరుణ్ణి. శివుణ్ణి తలుచుకుంటా కూర్చుంటే రాముడు వచ్చినాడు. కండ్లు కూడా పూర్తిగా తెరిచిలేవు, కించిదున్మీలిత లోచనుండనై అంటాడు, అంటే రొంత తెరిచి రొంత మూసి. ఆ మాట చదవంగానే డిపో బల్ల మీద పుస్తకం పెట్టేసినాను. నాగయ్య గారు కండ్లు తెరిచింది అట్లనే. సముద్రాల గారు చెప్పినారో, కె.వి.రెడ్డి గారు చెప్పినారో, నాగయ్య గారే చదువుకున్నారో, ఆ ఒక్క మాట మొత్తం ఆ మొహంలో ఉంది.

ఆ పద్యం చూడండి, మెఱుపు పక్కన మేఘం ఉన్నట్టు పక్కన సీతమ్మతో, చంద్రుడిలోంచి అమృతం కారినట్టు మొహంలో చిరునవ్వు మొలుస్తా ఉండే ఆయన, భుజాన పెద్ద విల్లు ఉండే ఆయన అని వరసగా చెప్పుకుంటా వచ్చి, చివరికి "రాజముఖ్యుడొక్కరుడు నా కన్నుగవకు నెదుర గానబడియె" అంటాడు. ఇంత చెప్పి ఆ వచ్చినాయన ఎవరో పేరు చెప్పడు. ఎవరో ఒక రాజు నా కండ్ల ముందర కనపడినాడు అంటాడు అంతే. నేను రామభద్రుణ్ణి అని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చినాది, నా పేరు మీద భాగవతం తెనుగు చెయ్యి అని అడిగి కనపడకుండా పోయినాడు. దేవుడు అడిగిపోయినాడు, చెయ్యాల్సింది ఈయన.

నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. దర్శనమైన మనిషి ఆకాశంలోకి ఎగిరిపోలేదు. మడక పట్టుకొని చేలోకే పోయినాడు. మాకు సేద్యం కాబట్టి నాకిది ఇంకా లోతుగా తగిలినాది, మా నాయన పొద్దన్నే కాడి భుజాన వేసుకొని పోయేది చూసి పెరిగినోణ్ణి, కవి అంటే మా మాదిరి సేద్యగాడు అని మొదటిసారి నాకు చెప్పింది ఈ సినిమానే. బళ్ళో అయ్యవారు పోతన అంటే సహజ కవి, మందార మకరంద అని బట్టీ పట్టించినాడు, దానికేముంది, మార్కులు వచ్చినాయి. ఆ పొద్దు డేరాలో మడక ముందర నిలబడిన మనిషిని చూసినాక, మా నాయన సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటాంటే ఆయన వైపు వేరే కండ్లతో చూసినాను.

సరస్వతీ దేవి వచ్చే చోట ఫిలిం తెగిపోయినాది. టంగుటూరి సూర్యకుమారి గారు సరస్వతి. రాజుకు అంకితమిస్తే సంపద, ఇవ్వకపోతే కూడు లేదు, అప్పుడు ఆ తల్లి కండ్ల నీళ్ళతో కనపడతాది, కాటుక కంటినీరు పద్యం. ఎట్లాంటి రోజైనా రీలు తెగితే డేరాలో ఈలలు, కేకలు, ఆపరేటరుకు తిట్లు. ఆ రోజు ఒక్కరూ అరవలేదు. చీకట్లో ఎవరో పెద్దాయన పద్యం ఎత్తుకున్నాడు, మెల్లగా, తెలిసినోళ్ళు కలిపినారు, "అమ్మ త్రిశుద్ధిగ నమ్ము భారతీ" అనే దగ్గరికి వచ్చేసరికి జేజి గొంతు కూడా బయటికి వచ్చినాది. రీలు అతికించి మళ్ళా వేసేసరికి తెర మీద పద్యం అయిపోయి తర్వాతి సీనులో ఉంది. ఎవరూ పద్యం పోయిందని అడగలేదు.

ఇంటికి పోయేటప్పుడు వెన్నెల. మా ఊర్లో రాముడి కల్యాణం కూడా వెన్నెల్లోనే, రాత్రి పూట. అన్ని చోట్లా నవమి రోజు మద్దేన్నం చేస్తే మా స్వామికి పున్నమి వెలుగులో చేస్తారు. ఇప్పుడు 2015 నుంచి టీటీడీ చేతికి వచ్చినాక లక్షల జనం, లైట్లు, స్టేజీలు, ప్రభుత్వం తరఫున పట్టుబట్టలు, అదంతా సంతోషమే, మా రాముడికి రావాల్సిన పేరు వచ్చింది. అయితే అప్పట్లో ఆ గోపురం ముందర వెన్నెల ఒక్కటే ఉండేది, ఆ మూడు గోపురాలూ, ఎదురుగా సంజీవరాయ స్వామి చిన్న గుడి. లోపల రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే రాతిలో, పక్కన హనుమంతుడు లేడు, ఆయన ఇంకా పరిచయం కాకముందరి రాముడంట మా రాముడు.

దారిలో నేను జేజిని అడిగినాను, జేజీ, నీకు కనపడదు గదా, మరి ఏం చూసినావు అని. ఆమె ఇమాం బేగ్ బావి కథ చెప్పినాది. ఒంటిమిట్టోళ్ళకు అందరికీ తెలుసు. వెనకటికి కడప నవాబు దగ్గర పని చేసే ఇమాం బేగ్ గుడికి వచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగినాడంట, నమ్మి పిలిస్తే పలుకుతాడు అన్నారు. ఆయన మూడు సార్లు పిలిచినాడు, లోపల నుంచి ఓ అని వినపడినాది. ఆయన అక్కడే బావి తవ్వించినాడు, ఆ బావి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది, ఆ నీళ్ళే గుడికి వాడేది. సాయిబులు కూడా మా గుడికి వస్తారు, ఎవరూ దానికి ఆశ్చర్యపోరు. జేజి ఆ కథ చెప్పి, "ఇమాం బేగుకు రాముడు కనపడినాడా? పలికినాడు అంతే. ఆయనకు అది చాలలేదా?" అన్నాది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పినాది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఈ గుడికి డబ్బులు అడుక్కునేది చూసినాది. రామాయణం మొత్తం తెలుగు చేసిన పెద్దమనిషి, ఆంధ్ర వాల్మీకి అని పేరు, ఆయన చిప్ప పట్టుకున్నాడు. వాళ్ళమ్మ ఒక దుడ్డు వేయమని ఈమె చేతికి ఇస్తే, పోయి వేసినాదంట, టంగుమని శబ్దం వచ్చిందంట, ఆయన వంగి ఈమె తల మీద చెయ్యి పెట్టినాడంట. "పోతన కూడా అట్లనే ఉంటాడు అనుకుంటి. నాగయ్యను చూస్తే అట్లనే ఉండె" అన్నాది. మనకు కనపడేవన్నీ మనం ముందే యాడో ఒక చోట చూసినవే అని ఆ రోజు నాకు అర్థం కాలేదు, ఆ చిప్పలో పడిన దుడ్డు శబ్దం మాత్రం నేనే విన్నట్టు ఉండిపోయినాది.

పోతన మా ఊరోడా, ఓరుగల్లు దగ్గర బమ్మెరోడా అని పెద్ద పెద్దోళ్ళు వాదించుకుంటారు. పోతన భాగవతంలో చెప్పిన ఏకశిలా నగరం అంటే ఒంటిమిట్టే అని మావాళ్ళు, ఓరుగల్లే అని ఆవైపోళ్ళు. ఇంటిపేరు బమ్మెర అని ఉంది గదా, నాకు వాళ్ళతో తగాదా లేదు. మా గుళ్ళో పోతన విగ్రహం ఉంది, దండం పెట్టుకుంటాం. పుట్టింది యాడైనా, ఆయన నాకు కనపడింది మా చెరువు కట్ట కింద.

జేజికి ఆ తర్వాత రెండేండ్లకు ఉచిత కంటి క్యాంపులో ఆపరేషన్ చేసినారు. ఒక కన్ను బాగా వచ్చింది, రెండోది అంతంత మాత్రం. కట్టు ఇప్పిన రోజు అందరం చుట్టూ నిలబడి ఉంటే, ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకుంటా వచ్చి, నా దగ్గర ఆగి, "నువ్వు ఇంత నల్లగా ఉంటావనుకోలేదు రా" అని నవ్వి గట్టిగా పట్టుకున్నాది. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకొని ఇంకా పదేండ్ల పైన బతికినాది. ఆ సినిమా మాత్రం మళ్ళా చూడలేదు. ఒకసారి దూరదర్శన్లో వేస్తాండారని పక్కింటోళ్ళు పిలిచినారు, పోలేదు, "నేను రెండుసార్లు చూసినాను, చాలు" అన్నాది.

నాగయ్య గారి గురించి కూడా ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. చేతికి ఎముక లేని మనిషి, వచ్చినోళ్ళకు లేదనకుండా పెట్టినాడు, ఇంట్లో ఎప్పుడూ పంక్తి భోజనాలే అని చెప్పుకుంటారు. చివరి రోజుల్లో చిన్న చిన్న తండ్రి వేషాలు, ముని వేషాలు వేసుకుంటా డబ్బుకు కటకటలాడినాడు. 1965లో పద్మశ్రీ ఇచ్చినారు. ఏ తెలుగు సినిమాలో గడ్డం పెట్టుకొని రెండు నిముషాలు కనపడినా, మా జేజి వయసోళ్ళు హాల్లో కూర్చున్న చోటనే రెండు చేతులూ జోడించేది నేను చూసినాను. ఆ రెండు నిముషాల వేషానికి కాదు ఆ దండం, పోతనకు.

మొన్న ఆదివారం మా నాయన మంచం పక్కన కూర్చోని ఫోన్లో ఆ సినిమా పెట్టినాను. ఆయనకు ఎనభై మూడు. 1943లో జేజి చంకలో ఉండి చూసినోడు, 1974లో బెంచీ టికెట్టు తీస్తానని నేల టికెట్టు తీసినోడు, ఆ రోజు మమ్మల్ని లోపల కూర్చోబెట్టి తిరణాలలో శెనక్కాయలు అమ్ముకునేదానికి పోయినాడు, అంటే మొత్తం మీద ఆయన ఈ సినిమా చూసిందే లేదు. ఆ సంగతి నాకు మొన్ననే తట్టినాది. ఫోన్లో ప్రింటు అప్పటికన్నా శుభ్రంగా ఉంది. దర్శనం సీను నేను అనుకున్నంత పొడుగు లేదు, నా తొమ్మిదేండ్ల లెక్కలో అది అర్ధగంట ఉండాల, చూస్తే గట్టిగా కొన్ని క్షణాలే. నాగయ్య గారి మొహం మాత్రం ఏమీ తగ్గలేదు, అరచేతంత తెరలో కూడా.

సర్వమంగళ నామా వస్తాంటే నాయన పెదాలు కదులుతాండాయి. ఎట్ల తెలుసు నాయనా నీకు ఈ పాట అన్నాను. "మీ జేజి విసిరేటప్పుడు పాడేది గదా" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోను రెండు చేతులతో పట్టుకొని కంటికి దగ్గరగా తెచ్చుకొని, "ఆయప్ప చూస్తాండాడే, ఆ చోటు ఇంగోసారి పెట్టు" అన్నాడు. పెట్టినాను.